ముందు బిడ్డ, ఆ తరువాతే భాష

బడులు తెరిచిన తొలి నెలలలో రాష్ట్రేతర తెలుగు కుటుంబాల వారు నా వద్దకు తెచ్చే సమస్యలలో ఒక మాట తరచుగా వినవస్తుంది: "మావాడు బడి దగ్గర తనను తెలుగులో పిలవవద్దంటున్నాడండీ." పిల్లవానికి మాతృభాష మీద మమకారం తగ్గిపోతున్నదన్న దిగులుతో తల్లిదండ్రులు ఈ మాట చెబుతారు. బడిలో తెలుగు తరగతి లేకపోవడమే దీనికి కారణమని, దానికోసం అర్జీ వ్రాసి పెట్టమని కోరుతారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే కాగితం తీసే ముందు నేను ఒక ప్రశ్న వేస్తాను: "బడిలో అబ్బాయిని ఎవరైనా ఏడిపిస్తున్నారా?" చాలామంది నుండి జవాబు రాదు. ఆ సంగతి వారెన్నడూ బిడ్డను అడిగి ఉండరు.

భాషా హక్కుల కోసం నడిచే పత్రికలో పిల్లల మధ్య వేధింపుల గురించి సంపాదకీయమెందుకని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. సరిహద్దు జిల్లాలలో బిడ్డ తన భాషను దాచుకోవడం మొదలుపెట్టేది ప్రభుత్వ ఉత్తర్వు చదివి కాదు, విరామ సమయంలో తోటిపిల్లల నవ్వు విని. ఉత్తర్వును న్యాయస్థానంలో సవాలు చేయవచ్చు. ఆ నవ్వును ఎదుర్కొనవలసినది ఇంటిలోను, బడిలోను. అందులో మొదటి బాధ్యత తల్లిదండ్రులది. ఆ బాధ్యతను ఎట్లా నిర్వహించాలో నాకు తెలిసినంతలో వివరించడమే ఈ సంపాదకీయ లక్ష్యం.

ఎవరికి ఆట, ఎవరికి సంకటం?

ఈ విషయానికి మన వాడుకలో ఉన్న మాటలు చాలా మెత్తనివి. "ఆట పట్టించారు", "ఏడిపించారు", "వెక్కిరించారు" అంటాము. మాటలోనే ఆట ఉన్నది కనుక పెద్దలకు అది ఆటగానే తోస్తుంది. కాని "పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం" అన్న సామెత కూడా మనదే. అందుచేత ఈ వ్యాసంలో దానిని వేధింపు అనే వ్యవహరిస్తాను.

పిల్లల మధ్య వచ్చే ప్రతి కొట్లాటా వేధింపు కాదు. సమానులైన ఇద్దరు పిల్లలు బంతి కోసం కలియబడి సాయంత్రానికి కలిసిపోతే అందులో పెద్దలు తలదూర్చనక్కరలేదు. 1970లలో నార్వే, స్వీడన్ దేశాల బడులలో ఈ విషయాన్ని శాస్త్రీయంగా అధ్యయనం చేసిన డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వేధింపుకు మూడు లక్షణాలు చెప్పారు. బాధించాలన్న ఉద్దేశం ఉండాలి. అది పదే పదే జరగాలి. బాధించేవారికి, బాధపడేవారికి మధ్య బలంలో తేడా ఉండాలి. 1982లో నార్వేలో ముగ్గురు బాలురు ఆత్మహత్య చేసుకున్నప్పుడు తోటివారి వేధింపు అందుకు కారణమని దేశమంతా కలవరపడింది. మరుసటి ఏడే, 1983లో, ఆ ప్రభుత్వం బడులలో జాతీయస్థాయి కార్యక్రమం చేపట్టింది. 2019లో యునెస్కో ప్రకటించిన నివేదిక ప్రకారం ప్రపంచవ్యాప్తంగా దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థులలో ఒకరు, అంతకు ముందు నెలలో ఒకసారైనా తోటివారి వేధింపుకు గురయ్యారు. ఇది మన బిడ్డకు మాత్రమే వచ్చిన కష్టం కాదని, అట్లాగని కొట్టివేయదగినదీ కాదని ఈ సంగతులు తెలుపుతున్నాయి.

మూడవ లక్షణమైన బలంలో తేడా మన పిల్లల విషయంలో ప్రత్యేకంగా గమనించదగినది. బలమంటే కండబలమే కాదు. తరగతిలో నలభై మంది ఒక భాష మాట్లాడుతుండగా ఒక్కడు మరొక భాష మాట్లాడితే ఆ సంఖ్యే ఒక బలం. ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైన 1936లో బరంపురం, పర్లాకిమిడి, కోరాపుట్ ప్రాంతాలు అందులో చేరాయి. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. షోలాపురానికి మన నేతపనివారు బ్రతుకుతెరువు వెదుక్కుంటూ తరలిపోయారు. గీతలు కదిలినా, మనుషులు కదిలినా, తరాల తరువాత ఆ చరిత్ర భారమంతా ఎనిమిదేళ్ల పిల్లవాని నాలుక మీద పడుతున్నది. "గొల్టి" అన్న పిలుపు వినని తెలుగు విద్యార్థి తమిళనాడులో అరుదు. యానాంలో ఊరంతా తెలుగే కనుక అక్కడి బడిలో ఈ చిక్కు తక్కువ. కాని అక్కడి పిల్లలు పైచదువుకు వందల కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరికి వెళ్లినప్పుడు ఒక్కసారిగా అల్పసంఖ్యాకులవుతారు.

వేసవి సెలవులలో చిత్తూరుకో, అనంతపురానికో, శ్రీకాకుళానికో చుట్టాల ఇంటికి వెళ్లినప్పుడు ఇదే బిడ్డకు మరొక అవమానం ఎదురవుతుంది. "వీడి తెలుగు చూడండి, అరవ యాస!" అని మేనమామ పిల్లలే నవ్వుతారు. బడిలో తెలుగువాడని, బంధువుల ఇంట తెలుగురానివాడని రెండు వైపులా మాటలు పడిన బిడ్డ చివరకు ఎక్కడా నోరు విప్పడు. ఈ రెండవ గాయం మనవారు చేసినదే కనుక దానిని మాన్పే పూచీ కూడా మనదే.

గుర్తించడం ఎట్లా?

వేధింపుకు గురవుతున్న పిల్లలు చాలావరకు ఆ మాట ఇంట్లో చెప్పరు. చెబితే నాన్న బడికి వచ్చి గొడవ చేస్తాడని, రేపు మరింత ఏడిపిస్తారని భయం. తన భాషను బట్టి నవ్వుతున్నారని చెబితే అమ్మ మనసు నొచ్చుకుంటుందన్న జాలి కూడా ఉంటుంది. అందుచేత బిడ్డ చెప్పేదాకా ఆగక గుర్తులు మనమే కనిపెట్టాలి. ఆదివారం రాత్రో, సోమవారం ఉదయమో కడుపునొప్పి రావడం, సెలవు అనగానే అది తగ్గిపోవడం. పుస్తకాలు చిరిగి రావడం, పెన్నులు, జామెట్రీ పెట్టె పోవడం. అన్నం డబ్బా ఖాళీగా వచ్చినా బిడ్డ ఆకలితో ఇల్లు చేరడం. రోజూ వెళ్లే దారి మార్చుకోవడం, బడి బస్సు వద్దనడం. మరుగుదొడ్డికి వెళ్లకుండా సాయంత్రం వరకు ఆపుకోవడం. ఇంటి పేరునో, ఒంటి పేరునో మార్చమని అడగడం. తమ్ముని మీద, చెల్లెలి మీద ఉన్నట్టుండి చేయిచేసుకోవడం. వీటిలో ఏదో ఒకటి కనబడినంత మాత్రాన వేధింపు జరుగుతున్నదని తేల్చరాదు. రెండు మూడు కలిసి వారాల తరబడి కనబడితే మాత్రం ఊరకుండరాదు.

అడిగే తీరులో కూడా జాగ్రత్త అవసరం. "ఎవడు కొట్టాడు? పేరు చెప్పు!" అని గద్దిస్తే బిడ్డ సాక్షి బోనులో నిలబడ్డట్లు బిగుసుకుపోతాడు. "ఈరోజు ఎవరి పక్కన కూర్చుని అన్నం తిన్నావు? ఆటలో నిన్ను ఎవరు పిలిచారు? బస్సులో ఏ సీటు దొరికింది?" వంటి చిన్న ప్రశ్నలు చాలు. "ఎవరూ పిలవలేదు" అన్న సమాధానం వరుసగా వారం రోజులు వస్తే మీకు తెలియవలసినది తెలిసినట్లే. కొట్టడం, తిట్టడం మాత్రమే వేధింపు కాదు. ఎవరూ మాట్లాడకుండా వెలివేయడం కూడా వేధింపే. ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఈ వెలిని పెద్దలు సులభంగా గమనించలేరు.

బిడ్డ నోరు విప్పినప్పుడు మధ్యలో ఆపక వినండి. "నువ్వేం చేశావు?" అన్నది మొదటి ప్రశ్న కాకూడదు. "చెప్పి మంచిపని చేశావు. ఇందులో నీ తప్పు లేదు. ఏం చేద్దామో ఇద్దరం ఆలోచిద్దాం" అన్న మూడు వాక్యాలు ఆనాటికి చాలు. తనను అడగకుండా మీరేదీ చేయరన్న నమ్మకం కలిగితేనే రేపటి సంగతి కూడా చెబుతాడు.

రెండు తప్పుదారులు

ఇటువంటి సందర్భాలలో మన కుటుంబాలు సాధారణంగా పట్టేవి రెండు దారులు. మొదటిది సర్దుకుపోవడం. "మనం పరాయి రాష్ట్రంలో ఉన్నాం, నలుగురితో గొడవెందుకు, పట్టించుకోకు" అని బిడ్డకు బోధిస్తారు. తరతరాలుగా అదే నేలను దున్నిన కుటుంబం, అదే ఊరిలో పన్ను కట్టిన కుటుంబం తనను తాను పరాయిగా చెప్పుకోవడం వాస్తవ విరుద్ధం. పైగా ఆ మాటలో బిడ్డకు వినబడే అర్థం వేరు: "నీకు జరిగేది న్యాయమే, ఓర్చుకో." బలంలో తేడా ఉన్నచోట పట్టించుకోకపోవడం వలన వేధింపు తనంతట తాను ఆగదు. అవతలివారికి అది అనుమతిగా తోస్తుంది.

రెండవది కయ్యానికి దిగడం. "నువ్వూ తిరిగి కొట్టు" అనడం, అవతలి బిడ్డ ఇంటి ముందు నిలబడి వారి తల్లిదండ్రులను నిలదీయడం, పది మందిని వెంటబెట్టుకుని బడికి వెళ్లడం, విషయాన్ని తెలుగువారికీ ఇతరులకూ మధ్య తగాదాగా ప్రకటించడం. మన సంఘాలలోని ఉత్సాహవంతులు ఈ దారిని ఇష్టపడతారని నాకు తెలుసు. వారితో నా మాట ఇది: బిడ్డ మన ఉద్యమానికి జెండా కాదు. జెండాను ఊరేగించి ఇంటికి తెచ్చి మడిచిపెట్టవచ్చు. ఊరేగిన బిడ్డ మరునాడు అదే తరగతిలో, అదే బెంచీ మీద, అదే నలభై మంది మధ్య కూర్చోవాలి. వానిని ఏడిపించినవాడు కూడా పదేళ్ల పిల్లవాడే. ఆ పిల్లవాడు కన్నడిగుడో, తమిళుడో, ఒడియావాడో, మరాఠీవాడో కావడం వలన అది ఆ జాతి చేసిన నేరం కాదు.

న్యాయవాదిగా నేను రెండు కాగితాల కట్టలను వేరువేరుగా ఉంచమంటాను. బడిలో తెలుగు బోధన, తెలుగు ఉపాధ్యాయుని నియామకం, పాఠ్యపుస్తకాలు, ఇవి ఒక కట్ట. రాజ్యాంగం 29వ అధికరణం, 350ఎ అధికరణం దానికి ఆధారాలు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం 350బి అధికరణం క్రింద నియమితుడయ్యే ప్రత్యేకాధికారికి ఆ విషయాలు నివేదించవచ్చు. బిడ్డ మాతృభాష ఏదో చెప్పవలసినది తల్లిదండ్రులేనని 2014లో కర్ణాటక బోధనా మాధ్యమం కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. ఆ పోరాటం సంవత్సరాల తరబడి సాగుతుంది, సాగాలి కూడా. బిడ్డకు జరుగుతున్న వేధింపు రెండవ కట్ట. దానికి వారాలలో పరిష్కారం కావాలి. రెండింటినీ ఒకే అర్జీలో కలిపితే ప్రధానోపాధ్యాయుడు "ఇది ప్రభుత్వ విధానానికి సంబంధించినది, నా చేతిలో లేదు" అని రెండింటినీ పక్కన పెట్టే వీలు కలుగుతుంది.

బడితో వ్యవహరించే క్రమం

మొదట ఒక నోటుపుస్తకం తీసుకుని జరిగినది జరిగినట్లు వ్రాయండి. తేదీ, సమయం, చోటు, అన్న మాటలు ఏ భాషలో అన్నారో అదే భాషలో, చూసినవారు ఎవరు. చిరిగిన పుస్తకాన్ని పారవేయవద్దు. గాయముంటే వైద్యునికి చూపించి చీటీ భద్రపరచండి. ఫోనులో వచ్చిన సందేశాలైతే తుడిచివేయక, తెర చిత్రాన్ని తేదీతో సహా దాచండి. ఆవేశం చల్లారిన తరువాత కూడా నిలిచేది ఈ వ్రాతయే.

తరువాత తరగతి ఉపాధ్యాయుని పిల్లలు లేని సమయంలో కలవండి. చాలా సమస్యలు ఇక్కడే తీరుతాయి. పది రోజులలో మార్పు లేకుంటే ప్రధానోపాధ్యాయునికి వ్రాతపూర్వకంగా ఇచ్చి, మీ ప్రతి మీద అందినట్లు సంతకం, తేదీ తీసుకోండి. కష్టనివారణ కోసం కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వాధికారికి విజ్ఞప్తి చేసుకునే హక్కును రాజ్యాంగం 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. కనుక విద్యాధికారికి తెలుగులో వ్రాయవచ్చు. అయితే చదివేవారికి వెంటనే అర్థం కావడం ముఖ్యం. రాష్ట్ర భాషలోనో, ఇంగ్లీషులోనో ఒక అనువాదం జతచేయడం మర్యాదా, లౌక్యమూ కూడా.

అర్జీలో "దోషులను కఠినంగా శిక్షించాలి" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టవద్దు. మీకు కావలసినవి స్పష్టంగా అడగండి. విరామ సమయంలో, మరుగుదొడ్ల దగ్గర, బస్సులో పర్యవేక్షణ ఎవరిది? బిడ్డ కూర్చునే చోటు మార్చగలరా? బిడ్డ ఏ ఉపాధ్యాయుని వద్దకు వెళ్లి ధైర్యంగా చెప్పుకోవచ్చు? రెండు వారాల తరువాత మళ్లీ ఏ తేదీన కూర్చుని సమీక్షిద్దాం? అందరి ముందు ఇద్దరు పిల్లలనూ నిలబెట్టి "చేతులు కలపండి" అని ముగించే పద్ధతిని మాత్రం ఒప్పుకోవద్దు. సమానుల తగాదాకు పనికివచ్చే ఆ రాజీ, వేధింపులో బలహీనుణ్ణి మరొకసారి బలహీనుణ్ణి చేస్తుంది.

చట్టం ఏమంటున్నది?

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఉచిత, నిర్బంధ విద్యాహక్కు చట్టం (2009) ఆరు నుండి పద్నాలుగేళ్ల పిల్లలకు సంబంధించినది. దాని 17వ విభాగం శారీరక దండనను, మానసిక వేధింపును నిషేధిస్తుంది. పిల్లవాని భాషను గేలిచేసేది ఉపాధ్యాయుడే అయితే మొదట చూపవలసినది ఈ విభాగమే. 29వ విభాగం బిడ్డకు భయం, ఆందోళన లేని చదువు ఉండాలని, బోధన వీలైనంతవరకు మాతృభాషలో ఉండాలని ఒకే చోట చెబుతున్నది. 21వ విభాగం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో ఏర్పడే పాఠశాల యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు లేక సంరక్షకులే కావాలి, మొత్తం సభ్యులలో సగం మంది స్త్రీలు కావాలి. ఆ సమావేశాలకు మనవారు, ముఖ్యంగా తల్లులు, వెళుతున్నారా? 32వ విభాగం క్రింద స్థానిక అధికార సంస్థకు వ్రాతపూర్వక ఫిర్యాదు ఇస్తే మూడు నెలలలో నిర్ణయం చేయాలి. దానితో తృప్తి లేకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు అప్పీలు చేసుకోవచ్చు. సి.బి.ఎస్.ఇ. అనుబంధ పాఠశాలలకు ఆ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలలో వేధింపుల నివారణ సంఘం ఉండాలని చెప్పింది. అటువంటి సంఘం ఉన్నదా అని అడిగే అధికారం మీకున్నది.

ఇక్కడ మన సంస్థల గురించి ఒక మాట చెప్పక తప్పదు. అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ తీర్పును పునఃపరిశీలించాలన్న అభిప్రాయంతో 2025లో మరొక ధర్మాసనం విషయాన్ని పై ధర్మాసనానికి నివేదించింది. ఆ వ్యాజ్యం ఎట్లా తేలినా, తెలుగు సంఘాలు నడుపుకునే బడులు చట్టం తమను బలవంతపెట్టేదాకా ఆగనవసరం లేదు. వేధింపుల నివారణకు తమంతట తాము నియమావళి వ్రాసుకుని గోడకు అతికించవచ్చు.

పిల్లల తగాదాకు పోలీసు స్టేషను మొదటి మెట్టు కాదు. ఏడేళ్లలోపు పిల్లలు చేసినదేదీ నేరం కాదని భారతీయ న్యాయ సంహిత చెబుతున్నది. పద్దెనిమిదేళ్లలోపువారి వ్యవహారాలు బాల న్యాయ మండలికి వెళతాయి. అయితే కొన్ని సందర్భాలలో జాప్యం పనికిరాదు. తీవ్రమైన గాయం, బెదిరించి డబ్బు గుంజడం, లైంగిక స్వభావం గల చేష్ట, అసభ్య చిత్రాలు పంచడం వంటివి జరిగితే వెంటనే ఫిర్యాదు చేయాలి. లైంగిక నేరం తెలిసినప్పుడు దానిని నివేదించడం 2012 నాటి పోక్సో చట్టం క్రింద విధి. బడి పరువు పేరిట దానిని లోపల సర్దివేసే అధికారం ఎవరికీ లేదు. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు. "నేను చచ్చిపోతే బాగుండు" అన్న మాట బిడ్డ నోట వస్తే దానిని బెదిరింపుగా భావించవద్దు. ఆ రాత్రి బిడ్డను ఒంటరిగా వదలవద్దు. 14416 నంబరులో టెలి మానస్ సేవ మానసిక సహాయాన్ని తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో ఉచితంగా అందిస్తున్నది.

ఇంట గెలవాలి

నివారణ మన నోటి నుండే మొదలు కావాలి. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు పెద్దలు. భోజనాల వేళ మనమే "అరవగోల" అంటూ పొరుగు భాషను ఎగతాళి చేస్తే, భాషను బట్టి మనిషిని నవ్వవచ్చునన్న పాఠం బిడ్డకు ఇంట్లోనే అందుతుంది. మరునాడు బడిలో అదే పాఠం వాని మీదికే తిరిగి వస్తుంది. తెలంగాణ పలుకుబడిని, ఉత్తరాంధ్ర యాసను హాస్యపాత్రలకు అంటగట్టిన సినిమా చూసి ఇంటిల్లిపాదీ నవ్వడం కూడా ఈ కోవలోనిదే.

రెండవది, రాష్ట్ర భాషలో బిడ్డను గట్టివానిగా చేయడం. హోసూరులో తమిళం, కోలారులో కన్నడం, రాయగడలో ఒడియా, సిరొంచలో మరాఠీ తడబడకుండా మాట్లాడగలిగిన బిడ్డను ఒంటరిని చేయడం కష్టం. ఇది మాతృభాషకు ద్రోహం కాదు. రెండు భాషలు వచ్చినవాడు రెండు ఇళ్లున్న వానివంటివాడు. అదే సమయంలో "ఇంట్లో కూడా తెలుగు మానేయండి, అప్పుడు సమస్య తీరుతుంది" అన్న సలహా ఎవరిచ్చినా అంగీకరించవద్దు. గాయపడిన బిడ్డ అమ్మతో మనసు విప్పవలసిన భాషను ఆ సమయంలోనే లాగివేయడం కంటే పెద్ద నష్టం లేదు.

మూడవది స్నేహం. తరగతిలో ఒక్క మంచి స్నేహితుడున్నా వేధింపు తీవ్రత తగ్గుతుంది. ఉగాది నాడు కన్నడిగులకూ పండుగే. అదే రోజు మరాఠీవారికి గుఢీ పాడ్వా. ఆనాడు బిడ్డ సహవిద్యార్థులలో ఇద్దరిని ఇంటికి పిలిచి భోజనం పెట్టండి. వారి తల్లిదండ్రులతో నాలుగు మాటలు ఆడండి. 2001లో ప్రచురితమైన కెనడా పరిశోధన ఒకటి బడి ఆటస్థలాలలోని దృశ్యాలను చిత్రీకరించి పరిశీలించింది. వేధింపు జరిగిన 88 శాతం సందర్భాలలో ఇతర పిల్లలు అక్కడే ఉన్నారు. వారు జోక్యం చేసుకున్నది 19 శాతం సందర్భాలలోనే. అయితే అట్లా చేసుకున్న జోక్యాలలో సగానికి పైగా, 57 శాతం, వేధింపును ఆపగలిగాయి. పెద్దలు రాకముందే ఆపగల శక్తి పక్కన నిలబడిన పిల్లవానికి ఉన్నదన్నమాట. ఆ పిల్లవానితో మన ఇంటికి ముందే పరిచయం ఉండడం ఎంత మేలో ఆలోచించండి.

ఇదే పాఠం తిరగవేసి మన పిల్లలకు చెప్పాలి. మన వీధి బడిలో బీహారు నుండి, ఝార్ఖండ్ నుండి వచ్చిన కూలీల పిల్లలు ఉండవచ్చు. నల్లగా ఉన్నవాడు, లావుగా ఉన్నవాడు, నత్తివాడు, కుల వివక్షను మోస్తున్నవాడు ఉండవచ్చు. వారిని ఏడిపించే గుంపులో మన బిడ్డ ఉన్నాడని బడి నుండి కబురు వస్తే "మావాడు అట్లాంటివాడు కాడు" అని గోడ కట్టవద్దు. కొట్టి దారికి తెద్దామనుకోవద్దు. కొడితే బలవంతునిదే రాజ్యమన్న పాఠమే మళ్లీ నేర్చుకుంటాడు. జరిగినది వానిచేతనే చెప్పించి, చేసిన నష్టాన్ని వానిచేతనే సరిదిద్దించండి. కొన్ని వారాలు దగ్గరుండి గమనించండి. మొక్కై వంగనిది మానై వంగదు కదా. హక్కులడిగే జాతి బిడ్డలు ఇతరుల హక్కును తొక్కరాదు. తొక్కితే మన అర్జీలకు విలువ ఉండదు.

సంఘాలు చేయవలసిన పని

ప్రతి తెలుగు సంఘమూ ఈ విద్యాసంవత్సరంలో మూడు పనులు చేపట్టాలని ప్రతిపాదిస్తున్నాను. రాష్ట్ర భాషలో చక్కగా వ్రాయగల ఒకరిని, తల్లిదండ్రుల అర్జీలకు సాయపడేందుకు నియమించుకోవాలి. పాఠశాల యాజమాన్య సంఘాలలో మన తల్లులు సభ్యులయ్యేటట్లు చూడాలి. వేసవిలో పిల్లలకు తెలుగు తరగతులు పెట్టినప్పుడు యాసను బట్టి ఎవరినీ నవ్వరాదన్నది మొదటి నియమంగా ఉంచాలి. బళ్లారి తెలుగు, బరంపురం తెలుగు, షోలాపురం తెలుగు, ఏదీ చెడిపోయిన తెలుగు కాదు. అన్నీ తెలుగే.

బడిలో సంతోషంగా ఉన్న బిడ్డకు భాషను ప్రేమించమని ఎవరూ చెప్పనక్కరలేదు. భయంతో ఉన్న బిడ్డకు ఎవరు చెప్పినా తలకెక్కదు. భాషకోసం మనం వ్రాసే అర్జీలు, వేసే వ్యాజ్యాలు, చేసే తీర్మానాలు అన్నీ ఆ బిడ్డ రేపు నిర్భయంగా నోరు విప్పడం కోసమే. కాబట్టి ఈ రాత్రి భోజనాల వేళ, తెలుగు పద్యం అప్పజెప్పమని అడిగే ముందు, "ఈరోజు ఎవరితో ఆడుకున్నావు?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి.